సోమవారపు స్టీమరు

టిల్లర్స్ కోవ్,
న్యూఫౌండ్‌లాండ్.
1966 మార్చి 6, ఆదివారం.

చెల్లీ వెర్నా,

రేపు స్టీమరు రోజు. టపా సంచి కట్టేలోగా నీకు నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. ఏలీ అన్నయ్య పొయ్యి పక్కన కూర్చుని తెడ్డు చెక్కుతున్నాడు. ఏం రాస్తున్నావని అడగడు. "ఆ సిరా అంతా ఇవాళే అవగొట్టేస్తావా?" అంటాడు. మూడు వేళ్ళు లేని చేత్తో ఆ తెడ్డుని ఎంత నున్నగా చేస్తాడో నువ్వు చూడాలి. చొక్కా బొత్తాం మాత్రం ఇప్పటికీ నేనే పెట్టాలి.

ఊళ్ళో ఒకటే గొడవ. ప్రభుత్వం కాగితం పంపింది. నూటికి తొంభై ఇళ్ళవాళ్ళు సంతకం పెడితే ఊరు ఊరంతా ఎత్తేసి మార్టిన్స్ పోర్ట్‌కి మారుస్తారట. అక్కడ ఆసుపత్రి ఉంది, కరెంటు ఉంది, రోడ్డు ఉంది. మన ఊళ్ళో ఇళ్ళు ఇరవై. పద్దెనిమిది సంతకాలు కావాలి. పదిహేడయ్యాయి. పెట్టనివాళ్ళు ముగ్గురు: హిజ్కియా బాబాయి, కెజీయా పిన్ని, మూడోవాడు మన అన్నయ్య.

ఇవాళ ప్రార్థన అయ్యాక ఎవరూ మాతో మాట్లాడలేదు. అందరూ మా పక్కనించే వెళ్ళారు, అందరి బూట్లూ చప్పుడు చేశాయి, ఒక్క నోరూ లేవలేదు. అన్నయ్యకి పట్టదు. నాకు పడుతుంది.

ఇంటికి ఒకటే సంతకం, అదీ ఇంటి పెద్దది. పద్దెనిమిదేళ్ళ నుంచి ఈ ఊరి పోస్టాఫీసు కాగితాలన్నీ నా సంతకంతో వెళ్తున్నాయి. ఈ ఒక్క కాగితం మీద మాత్రం నా పేరు చెల్లదు. నాకు వెళ్ళాలని ఉంది వెర్నా. నలభై ఆరేళ్ళొచ్చాయి. ఒక్కసారి తలుపు తీసి, సముద్రం అడ్డురాకుండా, నా కాళ్ళతో నేను ఇంకో ఊరికి నడిచి వెళ్ళాలని ఉంది. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. నీకే రాస్తున్నాను.

మా మరిది క్లారెన్స్‌ని అడిగానని చెప్పు.

అక్క,
డోర్కస్

*

టొరంటో,
1966 మార్చి 20.

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడా వెళ్ళాలనిపించింది? 1951లో నీకు టికెట్టు పంపాను, గుర్తుందా? స్టేషనుకొచ్చి నీకోసం రెండు గంటలు నిలబడ్డాను. క్లారెన్స్ అప్పుడే అన్నాడు, "మీ అక్కకి స్టీమరు తప్పిపోయింది, ఇక రాదు" అని. నిజంగా స్టీమరు దాటిపోయిందేమో, తర్వాతి దానికి వస్తావేమో అనుకున్నా, పిచ్చిదాన్ని.

ఇక్కడ అదొక మాట. చేతికొచ్చిన అవకాశం జారవిడుచుకున్నవాళ్ళందరికీ స్టీమరు తప్పిపోయినట్టే. కోట్లు సగం ధరకి అమ్మిన శనివారం దుకాణానికి వెళ్ళకపోతే తప్పిపోయిందంటారు. ముప్ఫై దాటినా పెళ్ళి కాకపోతే తప్పిపోయిందంటారు. మా బిస్కెట్ల ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌కైతే ఊతపదం. వాడు పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. (ఫ్యాక్టరీకి ఊసుపోక వెళ్తున్నాను, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏం చెయ్యను.)

నా మాట విను. నీకు పదిహేనేళ్ళ కిందే స్టీమరు తప్పిపోయింది. ఇప్పుడు మార్టిన్స్ పోర్ట్‌కి పోయి ఏం బావుకుంటావు? ఆ కొండ, ఆ రేవు, అమ్మ గది, అవన్నీ అలాగే ఉన్నాయనుకుంటేనే నాకు హాయిగా ఉంటుంది. ఉన్నచోట నిమ్మళంగా ఉండు.

మేమంతా కులాసా. కిటికీలో పూలమొక్క పెట్టాను, ఎర్రగా పూసింది.

నీ
వెర్నా

*

టిల్లర్స్ కోవ్,
1966 ఏప్రిల్ 17.

వెర్నా,

మీ ఫోర్‌మన్ మాట అన్నయ్యకి చెప్పాను. అరగంట నవ్వాడు. "స్టీమరు తప్పితే ఏమైందట? పదిహేను రోజులకి మళ్ళీ రాదా?" అన్నాడు. ఇక్కడ మనం ఆ మాట ఎప్పుడైనా అన్నామా? స్టీమరు తప్పినవాడు మూట పట్టుకుని ఇంటికెళ్ళిపోతాడు, టీ తాగుతాడు, మళ్ళీ సోమవారం వస్తాడు. అదేదో జీవితం ముగిసిపోయినట్టు మాట్లాడటం, ఎప్పుడూ ట్రాముల్లో తిరిగేవాళ్ళకే చెల్లింది.

ఉన్నచోట ఉండమన్నావు. ఉండలేదు. నాలుగో తేదీన వలల కొట్టు మీది గదిలోకి మారిపోయాను.

పిట్‌మన్ మాస్టారు చెప్పిన ఉపాయం ఇది. అర్జీ ఆయన దగ్గరే ఉంటుంది. "ఒక పొయ్యి, ఒక పొగగొట్టం, ఒక కుండ ఉంటే అది ఒక ఇల్లే. కాగితంలో అలాగే రాసుంది. ఆడదానివైనా, ఒక్కదానివైనా, ఆ ఇంటికి నువ్వే పెద్దవి" అన్నాడు. చచ్చిపోయిన జోనాస్ తాత చిన్న పొయ్యి రేవులో తుప్పు పట్టి పడి ఉంటే నేనే తోమి, ఇద్దరు మనుషుల చేత పైకెక్కించాను. ఇంత బతుకు బతికి నా పేరన ఒక కుండ కొనుక్కోవడం ఇదే మొదలు.

అన్నయ్య వాకిట్లో నిలబడి చూశాడు. "ఎన్నాళ్ళకి?" అన్నాడు. "తెలీదు" అన్నాను. అంతే. అన్నయ్యతో నాకు తగువేమీ లేదు. సంతకం కోసమే ఇదంతా. కానీ ఒకే కుండలో తింటే రెండిళ్ళని ఒప్పుకోరు కాబట్టి అతనికి వండి పెట్టకూడదు, అతను కాచిన టీ నేను తాగకూడదు. ఊరంతా రెండు పొగగొట్టాల కేసి చూస్తూ ఉంటుంది. నిన్న పొద్దున్న బొత్తాలు పెట్టుకోకుండానే పడవెక్కాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఒక్కదానివే వెళ్ళిపోవచ్చుగా అనకు. అతన్ని ఆ చేత్తో ఒక్కణ్ణి వదిలేసి పోలేను. ఊరు కదిలితే అందరితోపాటు అతనూ కదలాలి. అందుకే ఊరు కదలాలి.

అక్క

*

టొరంటో,
1966 మే 1.

అక్కా,

సంతకం కోసమని రాశావు. నన్ను అంత వెర్రిబాగులదాన్ని అనుకోకు. తోడబుట్టినవాళ్ళు పొయ్యిలు వేరు పెట్టుకున్నారంటే ఎందుకు పెట్టుకుంటారో నాకు తెలుసు. అన్నయ్య నిన్ను ఏమన్నాడు? తాగొచ్చాడా? ఇంట్లోంచి పొమ్మన్నాడా? నా దగ్గర దాచేదాకా వచ్చావన్నమాట.

లేక నువ్వే అన్నయ్యని సాధిస్తున్నావా? నీ సంగతీ నాకు తెలుసు. నోరెత్తవు, చప్పుడు చెయ్యవు, గిన్నె పెట్టే చోట గిన్నె పెట్టకుండా ఎదుటివాణ్ణి చంపుతావు. చేతిలో వేళ్ళు లేనివాణ్ణి ఒక్కణ్ణి చేసి వలల కొట్టు ఎక్కి కూర్చోవడం ఏం న్యాయం? పోస్టాఫీసు తాళాలు నడుముకి వేలాడేసుకుని ఊరినే ఏలుతున్నాననుకుంటున్నావు.

ఊరు ఎత్తేస్తే ఆ ఇల్లు ఏమవుతుందో ఎవరైనా ఆలోచించారా? అమ్మ మంచం? గుమ్మం మీద మన ఎత్తులు గీసిన గీతలు? ఇవన్నీ నీకు అక్కర్లేదు, రోడ్డు కావాలి. రోడ్డు ఎలా ఉంటుందో నన్నడుగు, చెప్తాను. అటూ ఇటూ బూట్లు పోతుంటాయి, ఒక్కటీ మనింటి ముందు ఆగదు.

ఈ వయసులో లేనిపోని ఆశలు పెట్టుకోకు. తప్పిపోయిన స్టీమరు వెనక పరిగెత్తితే నీళ్ళలో పడతావు.

చలి తగ్గింది. క్లారెన్స్ పనిమీద ఊరెళ్ళాడు.

వెర్నా

*

టిల్లర్స్ కోవ్,
1966 మే 29.

వెర్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవకుండా కొత్త పొయ్యిలో పెట్టాను. చక్కగా మండింది.

అన్నయ్య నన్ను పొమ్మనలేదు. తాగలేదు. నేను రాసింది రాసినట్టు నమ్మడం నీకు ఎందుకంత కష్టమో నాకు తెలియదు.

మిగతాది కూడా విను, నీకు సంతోషంగా ఉంటుంది. పోయిన ఆదివారం అందరి ముందూ నా ఇంటి తరఫున నేను సంతకం పెట్టాను. పద్దెనిమిదో సంతకం. అందరూ చప్పట్లు కొట్టారు. నెలల తరబడి నాతో మాట్లాడని ఆడవాళ్ళు వచ్చి బుగ్గ మీద ముద్దు పెట్టుకున్నారు. అప్పుడు పిట్‌మన్ మాస్టారు పెన్సిలు నోట్లోంచి తీసి, మొహం వేలాడేసుకుని, "ఒక్క నిమిషం" అన్నాడు.

నేను వేరు పడ్డాక ఊళ్ళో ఇళ్ళు ఇరవై కాదు, ఇరవై ఒకటి. ఇరవై ఒక్క ఇళ్ళకి పద్దెనిమిది సంతకాలు చాలవు. పద్దెనిమిదీ, పైన ఇంకో మనిషిలో పదింట తొమ్మిది వంతులు కావాలట. మనిషిలో పదో వంతు ఇంటి దగ్గర వదిలేసి రమ్మనలేం కదా. కాబట్టి పంతొమ్మిది. నేను రాకముందు ఒకటి తక్కువ, వచ్చాక కూడా ఒకటి తక్కువ. అంత పెద్ద చదువు చదివిన మాస్టారుకి, పద్దెనిమిదేళ్ళు స్టాంపులు లెక్కపెట్టిన నాకు, ఎవరికీ ఈ సంగతి ముందు తట్టలేదు. హిజ్కియా బాబాయి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

ఇప్పుడు వెనక్కి ఇంటికి వెళ్ళి పొయ్యి కలిపేసుకుంటే నా సంతకం పోతుంది. ఇక్కడే ఉంటే ఒక్కదాన్నే ఉండాలి. కిందన తారు వాసన, పైన పొగ. ముందుకీ లేదు, వెనక్కీ లేదు.

నీ మాట గురించి కూడా చెప్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఈ రేవుకొచ్చిన ప్రతి స్టీమరు దగ్గరా నేను నిలబడ్డాను. వానలో, మంచులో, అమ్మ పోయిన మర్నాడు కూడా. ఒక్కటీ తప్పలేదు. సంచి అందించాను, సంచి అందుకున్నాను. మెట్ల పలక నా కాలికి రెండడుగుల దూరంలో ఉండేది. నాకు స్టీమరు తప్పిపోయిందని నువ్వు రాసినప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. ఆలస్యంగా వచ్చిన మనిషిని అనాల్సిన మాట అది. వేళకే వచ్చి, ఎక్కలేక నిలబడిపోయినదాన్ని ఏమంటారో మీ ఫోర్‌మన్‌ని అడుగు.

ఒకటే అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఈ అర్జీ పోయిందనుకో. నేను మీ ఇంటికి వస్తే చోటుందా? రెండు మూడు నెలలు. ఏదైనా పని దొరికితే అన్నయ్యనీ పిలిపించుకుంటాను.

డోర్కస్

*

టొరంటో,
1966 జూన్ 12.

అక్కా,

ఇప్పుడు కుదరదు. ఇంటికి రంగులు వేయిస్తున్నాం, సామానంతా ఒకే గదిలో పేర్చాం. క్లారెన్స్ వాళ్ళమ్మ కూడా వచ్చి ఉంది, ఆవిడకి కొత్తవాళ్ళంటే పడదు. మళ్ళీ ఏడు చూద్దాం.

ఎండలు మొదలయ్యాయి, ఫ్యాక్టరీలో పొయ్యిల దగ్గర నిలబడలేకపోతున్నాం.

వెర్నా

*

టిల్లర్స్ కోవ్,
1966 జూలై 10.

వెర్నా,

నీ ఉత్తరం అందింది. అయిదు వాక్యాలు. మీ అత్తగారికి నా నమస్కారాలు.

అడగకుండా ఉండాల్సింది. అడిగినందుకు నేనే సిగ్గుపడుతున్నాను. ఇక నీకు ఆ ఇబ్బంది కలిగించను, అవసరం కూడా తీరిపోయింది.

జూన్ ఆఖరి వారంలో, చిన్న చేపలు ఒడ్డుకొచ్చిన రోజుల్లో, అన్నయ్య నా నిచ్చెన ఎక్కి వచ్చాడు. వేరుపడ్డాక రావడం అదే మొదలు. చుట్టూ చూశాడు.

"పొగ లోపలికే కొడుతోంది. గొట్టం ఇంకో అడుగు పెంచాలి" అన్నాడు.

"పెంచు" అన్నాను.

వలల కుప్ప మీద కూర్చున్నాడు. చొక్కా బొత్తాలు ఒకదానికి ఇంకొకటి తగిలించి ఉన్నాయి.

"ఎన్నాళ్ళిలా?"

"సంతకాలు అయ్యేదాకా."

"నీకు వెళ్ళాలనుందని నాతో ఎప్పుడూ అన్లేదే."

"నువ్వెప్పుడూ అడగలేదు."

"అడిగానే. అమ్మ పోయినప్పుడు. ఉండిపోతావా అంటే తలూపావు."

"అప్పుడు పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, ఇంటినిండా జనం. తలూపక ఏం చెయ్యను?"

చెయ్యి చాచి పొయ్యిలో ఒక కట్టె తోశాడు. తర్వాత అన్నాడు, "నేను సంతకం పెట్టంది నీకోసమే అనుకున్నానే. అక్కడ పోస్టాఫీసుకి ఆల్రెడీ ఒక మనిషుంది. నీ తాళాలు పోతాయి, సంచి పోతుంది. నువ్వు దిగులుపడి మంచం పడతావని. నాకేముంది, చేపలెక్కడైనా చేపలే."

నేను ఏడ్చాను వెర్నా. రాయకుండా ఉందామనుకున్నాను గానీ, ఏడ్చాను. ఇద్దరం ఒకరికోసం ఒకరం ఇన్నేళ్ళు ఒకే చోట కూర్చున్నాం.

"ఆ కాగితం ఎక్కడుంది?" అన్నాడు లేస్తూ. మాస్టారు ఇంటికి ఇద్దరం కలిసి వెళ్ళాం. మిగిలిన రెండు వేళ్ళ మధ్య కలం పట్టుకుని తన పేరు తనే రాశాడు. పంతొమ్మిది.

మాస్టారు సెలవులకి వెళ్ళి ఇరవయ్యో తేదీకి వస్తాడు. సాక్షి సంతకాలు చేయించి అర్జీని ఇరవై అయిదో తేదీ స్టీమరుకి పంపుతాం. సెప్టెంబరు మధ్యలో ఆఫీసరు వచ్చి ఇంటింటికీ వెళ్ళి అడుగుతాడు. ఎవరూ మాట మార్చకపోతే క్రిస్మస్‌కి మార్టిన్స్ పోర్ట్‌లో ఉంటాం. అక్కడి ఆసుపత్రిలో కాగితాలు చూసే పనికి నన్ను తీసుకుంటామని పెద్ద నర్సు రాసింది. తలుపు తీస్తే రోడ్డు.

ఇల్లు సర్దాలి. అమ్మ వస్తువుల్లో నీకేమైనా కావాలంటే రాయి.

డోర్కస్

*

టొరంటో,
1966 జూలై 12.

అక్కా, డోర్కస్ అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది చింపకుండా పోస్టు చేసేస్తాను.

నీకు అబద్ధాలు రాశాను. క్లారెన్స్ వెళ్ళిపోయి రెండేళ్ళు దాటింది. ఎవరితో వెళ్ళాడో కూడా తెలుసు, అది నీకు అక్కర్లేదు. రంగులు లేవు, అత్తగారు లేదు. ఇల్లే లేదు. ఒక ఇటాలియన్ల ఇంటి కింద, నేల కింది గదిలో ఉంటున్నాను. కిటికీ పైకప్పుకి ఆనుకుని ఉంటుంది. అందులోంచి జనం బూట్లు కనిపిస్తాయి. ఎర్రగా పూసిందని రాసిన మొక్క కాగితపు పువ్వు.

నువ్వు వస్తానని రాసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. నువ్వు ఆ మెట్లు దిగి నన్ను ఇక్కడ చూడటం కన్నా నామీద కోపం పెట్టుకోవడమే నయమనుకున్నాను. ఆ అయిదు ముక్కలు రాసి డబ్బాలో వేశాక పేవ్‌మెంటు మీద కూర్చుండిపోయాను.

పొయ్యిలు వేరు పెట్టారని నీమీద విరుచుకుపడ్డాను కదా. నాకు భయమేసింది. ఆ ఇల్లు చీలిపోతోందని. ఫ్యాక్టరీలో నిలబడి బిస్కెట్లు పేరుస్తూ రోజంతా నేను చేసే పని ఒక్కటే. ఆ ఇంట్లో నడుస్తాను. గుమ్మం, పొయ్యి, అమ్మ గది, కిటికీలోంచి రేవు. రోజూ నడుస్తాను. నీకు స్టీమరు తప్పిపోయిందని అన్నేళ్ళుగా రాసింది ఎందుకో తెలుసా? తప్పిపోయింది నాకేనని ఒప్పుకోవలసి వస్తుందని. ఎక్కినవాళ్ళకి కూడా తప్పిపోతుందని నాకెవరూ చెప్పలేదు.

ఇంటికి వచ్చేస్తాను అక్కా. సెప్టెంబరు ఆఖరుకి ఇక్కడ అన్నీ తెంచుకుని వచ్చేస్తాను. అమ్మ గది నాకుంచు. అర్జీకి ఒక సంతకం తక్కువైందని నువ్వు ఉడుక్కుంటూ రాశావు. ఆ ముక్క చదివి సంతోషంతో ఏడ్చాను. అలాగే తక్కువ కానీ. నేను వస్తున్నానని అన్నయ్యతో ఒక్క మాట చెప్పు. అతను ఇక ఎన్నటికీ సంతకం పెట్టడు.

నువ్వు పొయ్యి కలిపేసుకుని ఇంట్లోకి వచ్చెయ్. ముగ్గురం ఉందాం. నీ బొత్తాల పని నేను చేస్తాను, నువ్వు కావాలంటే మార్టిన్స్ పోర్ట్‌కి పో, ఏదైనా పనిలో చేరు, ఏమైనా చెయ్యి. ఊరు మాత్రం ఉండనీ. నాకు ఇంకెక్కడా ఏమీ లేదు.

నీ చెల్లి,
వెర్నా

*

టిల్లర్స్ కోవ్,
1966 ఆగస్టు 7.

వెర్నా,

నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. రేపు మళ్ళీ స్టీమరు. ఇవాళ రాయకపోతే ఇక రాయలేను.

నువ్వు ఆ గదిలో రెండేళ్ళు ఒక్కదానివే ఉన్నావన్న ముక్క ఎన్నిసార్లు చదివానో. నా దగ్గర ఎందుకు దాచావని అడగను. నేనైనా అదే చేసేదాన్ని. నువ్వు నామీద అన్న మాటలన్నీ కొట్టేశాను. ఇక నీ వంతు. నేను రాసేది చదివాక కొట్టెయ్యగలవో లేదో చూడు.

జూలై ఇరవై అయిదు, సోమవారం. పద్ధతి నీకు తెలుసు. స్టీమరు మలుపు తిరిగి కూత వెయ్యగానే వెళ్ళే సంచి కట్టి సీసపు ముద్ర వేస్తాను. ఆ తర్వాతే వచ్చిన సంచి విప్పాలి. ముద్ర పడ్డ సంచి నేనైనా తెరవకూడదు. ఆ రోజు అర్జీ రిజిస్టరు కవరులో ఆ సంచి అడుగున ఉంది. సంచి రేవు మీద పీపా పక్కన పెట్టి, వచ్చిన సంచి పోస్టాఫీసుకి మోసుకెళ్ళాను. మన ఊరికి పదకొండు ఉత్తరాలు. నీది నాలుగోది.

గంటసేపు ఉంటుంది స్టీమరు. పిండి బస్తాలు, కిరోసిన్ పీపాలు దించుతున్నారు. నేను బల్ల వెనక నిలబడే నీ ఉత్తరం చదివాను. జనం కిటికీ బయట పేర్లు పిలుస్తానని ఎదురుచూస్తున్నారు. చదవడం అయ్యేసరికి ఇంకా నలభై నిమిషాలు ఉంది. గోడ గడియారం చూశాను కాబట్టి నిమిషాలతో సహా చెప్పగలను.

చెయ్యాల్సింది చాలా చిన్న పని. ముద్ర సరిగ్గా పడలేదని చెప్పి సంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. ముద్ర వేసే పటకారు నా దగ్గరే ఉంది, ఎవరూ అడగరు. అదీ వద్దనుకుంటే రేవు మీదే ఉన్న అన్నయ్యతో "వెర్నా వస్తోంది" అంటే చాలు, రెండు మాటలు. తన చేత్తోనే ఆ సంచి చింపి కాగితం తీసుకునేవాడు. నీ పేరు చెప్తే ఇప్పటికీ అతని మొహం ఎలా మారుతుందో నీకు తెలియదు.

నీ ఉత్తరం ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను. మిగతా పది పేర్లూ పిలిచి ఉత్తరాలు పంచాను. బయటికి వచ్చి అన్నయ్య పక్కన నిలబడ్డాను. "చెల్లి రాసిందా?" అని అడిగాడు. "కులాసాట" అన్నాను. స్టీమరు గుమాస్తా వచ్చాడు, సంచి ఇచ్చాను, రసీదు మీద సంతకం పెట్టాను. తాడు విప్పారు.

తెలియక చేశాననీ, నీ ఉత్తరం ఆలస్యంగా చదివాననీ రాసి ఉండొచ్చు. పది రోజులు అదే రాద్దామనుకున్నాను. నువ్వు నమ్మేదానివి. నేను నమ్మేదాన్ని కాదు.

నువ్వు రాశావే, ఎక్కినవాళ్ళకి కూడా తప్పిపోతుందని. రెండు వారాలుగా నేను ఆ మాటే అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. ఆ మాట అనేవాళ్ళందరూ తప్పు ఒడ్డున మిగిలినవాళ్ళదే అంటారు. సోమరిదనీ, మందమతి అనీ. తాడు ఎవరు విప్పారో ఒక్కరూ అడగరు. నిన్ను ఒడ్డున వదిలింది నేను. నువ్వు పరిగెత్తుకుని వస్తున్నావని తెలిసి, నీ అరుపు వినిపించి, తాడు విప్పనిచ్చాను. నాకు వెళ్ళాలని ఉంది కాబట్టి. నీ అంత ఏడుపుకి ఎదురుగా నా దగ్గర ఉన్నది ఈ ఒక్క కారణమే. అది చాలదని తెలుసు. అయినా అదే.

మార్టిన్స్ పోర్ట్‌లో మాకు ఇచ్చే ఇంట్లో మూడు గదులు. అందులో ఒకటి నీది. నువ్వు అడిగింది అది కాదని నాకు తెలుసు. నువ్వు అడిగింది అమ్మ గది. దాన్ని ఏ ఇంట్లోనూ నేను కట్టించలేను.

ఇక ఒక్క సంగతి ఉంది. నీకు చెప్పకుండా ఉంటే నాకు ఇంకా సుఖం, కానీ చెప్తున్నాను. అర్జీ వెళ్ళినంతమాత్రాన అయిపోలేదు. ఆఫీసరు వచ్చేది సెప్టెంబరు మధ్యలో. అప్పటిదాకా సంతకం పెట్టిన ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు. నేను అన్నయ్యకి చెప్పలేదు, చెప్పను. నీకు చెప్పాలనుంటే నువ్వే అన్నయ్య పేరున రాయి. సెప్టెంబరు అయిదో తేదీ స్టీమరుకి వస్తే సరిపోతుంది. అన్నయ్య ఆ ఉత్తరం చదివిన గంటలో తన పేరు కొట్టేయించుకుంటాడు. ఊరు ఉంటుంది. నువ్వు వస్తావు. నేను అమ్మ గది గుమ్మం దగ్గర నీ పెట్టె అందుకుంటాను, నీతో ఒక్క మాట అనను.

ఆ ఉత్తరం మొదట నా చేతిలోకే వస్తుంది. కవరు మీద నీ దస్తూరీ, అన్నయ్య పేరు చూడగానే లోపల ఏముందో నాకు తెలిసిపోతుంది. దాన్ని విప్పను, దాచను, ఆలస్యం చెయ్యను. తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెడతాను. నా పని అది, నీమీద ఒట్టు.

కానీ చెల్లీ, అది ఆ స్టీమరుకి అందకుండా పోవాలని మాత్రం రోజూ కోరుకుంటూనే ఉంటాను.

అక్క,
డోర్కస్